కప్పు ఆటా, రోజుకూలీ

రగ్బీ అనే మాట మన ఇళ్ళల్లోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. నా చిన్నతనంలో కోరాపుట్‌లో గాని, రాయగడలో గాని మగపిల్లల ఆటలంటే చెడుగుడు, బిళ్ళంగోడు. హైస్కూలు మెట్లెక్కిన వాళ్ళకు ఫుట్‌బాలు, వాలీబాలు. తరవాత టీవీ వచ్చి అందరినీ క్రికెట్టులో పడేసింది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తే ఆట ఒకటున్నదని మనకు తెలియజేసింది తెల్లదొరలు కారు; ఈ రాష్ట్రపు గిరిజన పిల్లలే. భువనేశ్వర్‌లో వాళ్ళకు తిండీ బట్టా ఇచ్చి చదువు చెప్పే 'కిస్' అనే పెద్ద వసతి పాఠశాల ఉన్నది గదా. 2007లో అక్కడి పద్నాలుగేళ్ళ లోపు కుర్రవాళ్ళు పన్నెండుగురు లండన్ వెళ్ళి, అంతర్జాతీయ పాఠశాలల రగ్బీ పోటీలో, ఆఖరి ఆటలో దక్షిణాఫ్రికా జట్టును 19–5తో ఓడించి కప్పు పట్టుకొచ్చారు. ఆ ముచ్చట మీద 2022లో 'జంగిల్ క్రై' అని సినిమా కూడా వచ్చింది.

ఆ సినిమా చూసిన ఒక పెద్దాయన మొన్న నన్ను ఆపి, "ఏమయ్యా, రగ్బీ అని ఒకటీ, రగ్బీ లీగని మరొకటీ అంటున్నారు. రెండూ ఒకటేనా, వేరా?" అని అడిగారు. వేరే సుమండీ. ఒకదానిలో జట్టుకు పదిహేనుమంది, రెండవదానిలో పదముగ్గురు. కాని ఈ లెక్క తరవాత వచ్చిన తేడా. మొదట అవి ఒకే ఇంటి ఆట. అన్నదమ్ములు వేరుపడ్డట్టు వేరుపడ్డాయి. కారణమేమిటంటే ఆటలో తగాదా కాదు, ఒక్క రోజు కూలి దగ్గర తగాదా. ఆ వేరుపడిన తమ్ముడు పెట్టుకున్న కప్పు పోటీ గురించే ఈ నెల నాలుగు మాటలు.

ముందు ఆట సంగతి తేల్చేద్దాం. చెడుగుడు తెలిసినవాడికి రగ్బీ లీగు అర్థం కావడానికి అయిదు నిమిషాలు చాలు. బంతి పట్టుకున్నవాడు కూతకు వెళ్ళినవాడితో సమానం. అవతలివాళ్ళు వాణ్ణి పట్టి కింద పడేస్తారు. అయితే ఇక్కడ పట్టుబడ్డవాడు చచ్చినట్టు కాదు. లేచి, బంతిని నేలమీద పెట్టి, పాదంతో వెనక్కి దొర్లిస్తాడు. వెనకవాడు అందుకుని మళ్ళీ పరుగు. బంతిని చేత్తో ముందుకు విసరరాదు, పక్కకో వెనక్కో ఇవ్వాలి. అవతలి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే దాన్ని 'ట్రై' అంటారు. మొదట్లో దానికి మూడు పాయింట్లు; 1983 నుంచి నాలుగు. రెండు స్తంభాల మధ్యగా, అడ్డకర్ర మీదుగా తన్నితే గోలు, దానికి రెండు. 1972 నుంచి ఆరుసార్లు పట్టుబడితే బంతి అవతలి జట్టుకు అప్పగించాలని నియమం. అంతకుముందు అటువంటి లెక్క లేని కాలంలో, బంతి దొరికినవాళ్ళు పిల్లి తన పిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని వదిలేవాళ్ళు కారు. చూసేవాళ్ళకు విసుగు పుట్టేదట.

ఇక తగాదా. ఇంగ్లండుకు ఉత్తరాన యార్క్‌షైర్, లాంకషైర్ అని రెండు సీమలు. ఒకచోట ఉన్ని మిల్లులు, ఇంకొకచోట నూలు మిల్లులు, రెండు చోట్లా బొగ్గు గనులు. లాంకషైర్ పేరు వింటే మన పెద్దలకు ఒళ్ళు మండేది. మన నేతగాళ్ళ నోట మట్టికొట్టిన గుడ్డ అక్కడిదే. కాని మిల్లు యజమాని సంగతి వేరు, మిల్లులో మరమగ్గం ముందు నిలబడేవాడి సంగతి వేరు. ఆ నిలబడేవాడికి శనివారం మధ్యాహ్నం వరకూ పని. రగ్బీ ఆట కూడా శనివారమే. పొరుగూరు పోయి ఆడాలంటే పొద్దున్నే రైలెక్కాలి. రైలెక్కితే ఆ పూట జీతం లేదు. దెబ్బ తగిలి మంచాన పడితే ఆ వారమంతా జీతం లేదు. లండన్ వైపు ఆడేవాళ్ళు చాలామంది జమీందారుల బిడ్డలూ, వకీళ్ళూ, డాక్టర్లూను. వాళ్ళకీ బాధ లేదు.

ఉత్తరాది క్లబ్బులు అడిగింది పెద్ద కోరికేమీ కాదు. ఆటగాడికి జీతం ఇవ్వమనలేదు. ఆట మూలంగా వాడు పోగొట్టుకున్న పూట జీతం మాత్రం క్లబ్బు నుంచి ఇప్పించండి, దానికి అనుమతి దయచేయండి, అన్నారు. 1893లో లండన్‌లో పెద్ద సభ జరిగి, వోట్లు లెక్కపెడితే అనుకూలం 136, ప్రతికూలం 282. ఆటకు డబ్బు అంటుకుంటే ఆట మైలపడిపోతుందని దొరల భయం. ఆడే స్తోమత లేనివాడు ఆడటం మానుకోవాలన్నదే వారి వాదంలో సారాంశం.

రెండేళ్ళు ఓపిక పట్టి, 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ ఊళ్ళో జార్జి హోటలు అనే చోట ఇరవై పైచిలుకు క్లబ్బులు చేరి, పాత సంఘానికి నమస్కారం పెట్టి, 'నార్తరన్ యూనియన్' పేరుతో కొత్త సంఘం పెట్టుకున్నాయి. పోగొట్టుకున్న రోజుకు ఆరు షిల్లింగుల వరకూ ఇవ్వవచ్చునని నియమం వ్రాసుకున్నాయి. ఆరు షిల్లింగుల దగ్గర ఒక ఆట రెండుగా చీలిందన్నమాట. పదముగ్గురి జట్టు, లీగు అనే పేరు, అన్నీ తరవాత ఒకటొకటిగా వచ్చాయి. పదముగ్గురు కావడం 1906లో.

సంఘం పుట్టిన మరుసటి సంవత్సరమే కప్పు పోటీ. బ్రాడ్‌ఫర్డులో ఫాటోరిని అనే వెండి నగల దుకాణంలో అరవై పౌన్లు పెట్టి కప్పు చేయించారు. 1896–97 సీజన్లో మొదటి పోటీ. దాన్ని చాలెంజి కప్పు అంటారు, ఇప్పటికీ జరుగుతున్నది. ఓడినవాడు ఇంటికి పోవాలి, గెలిచినవాడు ముందుకు పోవాలి. లీగు పట్టికలో ఏడాది పొడుగునా ఆడే ఆటల్లో ఒకటి పోయినా మరొకటి ఉంటుంది. బలమైనవాడే చివరకు పైకి తేలుతాడు. కప్పులో అలా కాదు. చీటీలు తీస్తారు. ఎవరికి ఎవరు తగులుతారో దైవాధీనం. చిన్న ఊరి జట్టుకు మహామహుల జట్టు తగలవచ్చు, ఆ ఒక్క మధ్యాహ్నం వాళ్ళ కాలు జారవచ్చు. అందుకే కప్పు ఆటంటే పామరులకు అంత మోజు.

మొదటి సీజను ఆఖరి ఆట 1897 ఏప్రిల్ 24న లీడ్స్‌లోని హెడింగ్లీ మైదానంలో జరిగింది. క్రికెట్టు చూసే మన కుర్రవాళ్ళకు ఆ పేరు తెలిసే ఉంటుంది, పక్కపక్కనే ఉన్న మైదానాలవి. 13,492 మంది చూస్తుండగా బాట్లీ జట్టు సెయింట్ హెలెన్స్ జట్టును 10–3తో ఓడించింది. బాట్లీ ఏపాటి ఊరు? యార్క్‌షైర్లో చిన్న మిల్లు పట్నం. అక్కడి పరిశ్రమ ఏమిటో తెలిస్తే మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు సంతోషిస్తారు. పాత ఉన్ని గుడ్డల పేలికలు ఏరి, చీల్చి, పీచు చేసి, మళ్ళీ వడికి కొత్త గుడ్డగా నేయడం. 1813లో బెంజమిన్ లా అనే ఆయన ఆ ఊళ్ళోనే ఈ విద్య కనిపెట్టాడు. మన అమ్మలు పాత చీరలతో బొంత కుట్టినట్టు, ఒక ఊరు ఊరంతా పేలికలతో బతికింది. మొదటి కప్పు ఆ ఊరికి వెళ్ళింది. మర్నాటి ఏడూ వాళ్ళే గెలిచారు, 1901లో మరొకసారి గెలిచారు. మొదటి అయిదు కప్పుల్లో మూడు బాట్లీవే.

అయితే ఈ ఉత్తరాది పెద్దలు మరీ ఉదారులని అనుకోకండి. 1898లో ఆటగాడికి బాహాటంగా డబ్బివ్వడానికి ఒప్పుకున్నారు గాని, దానికి ఒక మెలిక పెట్టారు. ఆటగాడికి వేరే నిజమైన ఉద్యోగం ఉండితీరాలి. ఉద్యోగం పోతే ఆట కూడా పోయినట్టే! సారా దుకాణంలో వడ్డించేవాడు, బిలియర్డు బల్ల దగ్గర లెక్క చెప్పేవాడు వంటివి ఉద్యోగాల కింద జమకట్టరట. ఉద్యోగం మారితే అనుమతి తీసుకోవాలి. ఇదంతా చదివినప్పుడు గుమాస్తా ఉద్యోగం చేసే నా బోటివాడికి నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఎవడో నా వంటి గుమాస్తాయే ఆ ధ్రువపత్రాలన్నీ దస్త్రం కట్టి, తేదీల వారీగా దారం వేసి ఉంటాడు. ఆ మెలిక 1905లో తీసేశారు. ఇక దక్షిణాది దొరల సంఘం, అంటే పదిహేనుమంది ఆట, డబ్బు ముట్టుకోవడానికి ఒప్పుకున్నది ఎప్పుడనుకున్నారు? 1995 ఆగస్టు చివరలో. హడర్స్‌ఫీల్డ్ హోటల్లో సభ జరిగి అప్పటికి సరిగ్గా నూరేళ్ళు.

ఈ కప్పు చరిత్రలో నేను పదే పదే చెప్పుకునే సీజను 1953–54. ఆ ఏడు ఆఖరి ఆటకు వచ్చినవి వారింగ్టన్, హాలిఫాక్స్ అనే రెండు ఊళ్ళు. వారింగ్టన్ ఇనుప తీగలు లాగే కర్మాగారాల ఊరు. ఆ జట్టును జనం 'తీగ' అనే అర్థం వచ్చే 'వైర్' అనే పేరుతోనే పిలుస్తారు. హాలిఫాక్స్ ఉన్ని, తివాచీల ఊరు. 1929 నుంచి ఆఖరి ఆట లండన్‌లోని వెంబ్లీలో జరిపే ఆనవాయితీ వచ్చింది. ఏడాది పొడుగునా పైసా పైసా కూడబెట్టి, ఉత్తరాది కార్మికులు ఆ ఒక్క శనివారం లండన్ ప్రయాణం కట్టేవారు. 1954 ఏప్రిల్ 24న 81,841 మంది టిక్కెట్లు కొని చూసిన ఆ ఆటలో ఒక్క 'ట్రై' కూడా పడలేదు. రెండు గోళ్ళు ఇటు, రెండు గోళ్ళు అటు, 4–4. ఎనభై వేలమంది ఉస్సురుమంటూ రైళ్ళెక్కారు.

సమానమైతే మళ్ళీ ఆడాలి. మే 5న, బ్రాడ్‌ఫర్డులోని ఆడ్సల్ మైదానంలో. అదేమీ వెంబ్లీ వంటి రాజసం గల చోటు కాదు. పాత రాతిగోతిలో ఊరి చెత్త పోస్తూ పోస్తూ గట్లు కట్టి మైదానం చేసిన పెద్ద గిన్నె. ఆ రోజు బుధవారం, పనిరోజు. ఆట సాయంకాలం. కాబట్టి అధికారులు మహా అయితే డెబ్బై వేలు వస్తారనుకున్నారట. మధ్యాహ్నం పని ముగియగానే రెండు సీమల మిల్లుల జనం బస్సులూ, లారీలూ, కాళ్ళూ పట్టుకుని బయలుదేరారు. కొండ దారులన్నీ నిండిపోయి చాలామంది ఆట సగమయ్యాక చేరారు. టిక్కెట్ల లెక్కే 1,02,569. కంచెలు పడగొట్టుకుని వచ్చినవాళ్ళను కలిపితే లక్షా ఇరవై వేలని అంచనా. రగ్బీ లీగు ఆటకు అంతమంది చేరడం ప్రపంచంలో మళ్ళీ 1999 వరకూ జరగలేదు; ఆ రికార్డు సిడ్నీలో పోయింది.

ఆట 8–4తో వారింగ్టన్ గెలిచింది. చాలినర్ ఒక ట్రై, హెల్మ్ ఒక ట్రై. ఒక గోలు బెవన్‌ది. బెవన్ అంటే బ్రయన్ బెవన్, ఆస్ట్రేలియా నుంచి వచ్చినవాడు, సన్నగా, బట్టతలతో, మోకాళ్ళకు కట్లు కట్టుకుని చూడటానికి రోగిష్ఠిలా ఉండేవాడు. జీవితంలో 796 ట్రైలు చేశాడు, దాని దరిదాపులకు ఎవడూ రాలేదు. హాలిఫాక్స్ మనిషి డేనియల్స్ ఆఖర్లో గీత దాటి బంతి ఆనించాననుకున్నాడు. రిఫరీ కాదన్నాడు. ఆ మాట మీద హాలిఫాక్స్ ఊరు ఏళ్ళ తరబడి వాదించుకున్నది. పాపం, వాళ్ళ కష్టం అంతటితో తీరలేదు. మూడు రోజులకే, మే 8న, లీగు చాంపియన్ను తేల్చే ఆటలో మాంచెస్టరులో మళ్ళీ అదే వారింగ్టన్ ఎదురైంది. 8–7. ఒక్క పాయింటు. పదిహేను రోజుల్లో మూడుసార్లు తలపడి, మొత్తం మీద అయిదు పాయింట్ల తేడాతో రెండు కిరీటాలూ పోగొట్టుకున్న జట్టు అది.

ఈ సీజను గురించి నేను ఇంత చెప్పడానికి కారణం ఆ బుధవారం. లక్షమంది మిల్లు మనుషులు పనిరోజున, సాయంత్రమైనా సరే, ఒకచోట చేరగలిగారంటే, యజమాని గంట ముందు వదిలినందుకో, తామే పూట జీతం వదులుకున్నందుకో చేరారు. వాళ్ళు చూడవచ్చిన ఆటగాళ్ళు కూడా వాళ్ళ వంటి పనివాళ్ళే. తమ వీధివాడు ఆడుతున్నాడని వచ్చిన జనం అది.

అదే 1954లో మన దేశంలో జరిగింది కూడా చూడండి. మన ఫుట్‌బాల్లో డ్యూరాండ్ కప్పు 1888లో సిమ్లాలో మొదలైంది, రోవర్స్ కప్పు 1891లో బొంబాయిలో. రెండూ ఈ ఇంగ్లండు చాలెంజి కప్పు కంటే పెద్దవే. 1954 రోవర్స్ కప్పు హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు గెలిచింది. ఒక్కసారి కాదు, 1950 నుంచి వరసగా అయిదేళ్ళూ వాళ్ళే గెలిచారు. డ్యూరాండ్ కూడా 1950లో మోహన్ బగాన్ అంతటి జట్టు మీద గెలిచి, 1954లో మళ్ళీ గెలిచారు. వాళ్ళకు ఆట నేర్పిన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు వృత్తిరీత్యా బడిపంతులు. 1951లోను, 1962లోను ఏషియన్ గేమ్స్‌లో భారతదేశానికి బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం వచ్చింది ఆయన హయాంలోనే. 1963లో పోయారు.

1954 డ్యూరాండ్ ఆఖరి ఆటలో ఆ పోలీసుల చేతిలో ఓడింది బెంగుళూరు హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్టు జట్టు. ఆ కంపెనీయే 1964లో హిందూస్థాన్ ఏరోనాటిక్స్ అయింది. మన కోరాపుట్ జిల్లా సునాబెడలో విమానపు ఇంజన్లు చేసేది ఆ సంస్థే. ఇక్కడ గమనించవలసిందేమిటంటే, ఆ మైదానంలో ఒక పక్క పోలీసువాళ్ళు, రెండో పక్క ఫ్యాక్టరీవాళ్ళు. 'పోయిన రోజు జీతం ఎవరిస్తారు?' అని హడర్స్‌ఫీల్డ్‌లో కొట్లాడుకున్న ప్రశ్నకు మన దేశం చప్పుడు చేయకుండా వేరే జవాబు చెప్పుకున్నది. ఆటగాడికే ఉద్యోగం ఇచ్చేయడం! పోలీసు, రైల్వే, సైన్యం, ఫ్యాక్టరీ. ఆడేరోజు కూడా హాజరుపట్టీలో హాజరే. కాలు విరిగినా నెల తిరిగేసరికి జీతం వస్తుంది. ఎవరు ఎన్ని చెప్పినా, మన ఫుట్‌బాలునూ హాకీనీ అన్నేళ్ళు మోసింది ఈ హాజరుపట్టీయే.

నా ఉద్యోగంలో సెలవుల దస్త్రం కొన్నేళ్ళు నా చేతి మీదుగా నడిచింది, కనుక ఈ సంగతి కొంచెం చెప్పగలను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి జాతీయ, అంతర్జాతీయ స్థాయి పోటీలకు వెళితే, ఏడాదికి ముప్పై రోజులకు మించకుండా 'స్పెషల్ క్యాజువల్ లీవు' ఇవ్వవచ్చు. జీతం కోతపడదు, మామూలు సెలవులోంచి తగ్గదు. చక్కని నియమం. అయితే దానికి అర్హుడు కావాలంటే ముందు ఉద్యోగి కావాలి గదా. కాంట్రాక్టు మేస్త్రీ కింద పనిచేసేవాడికి ఏ లీవూ లేదు. రానిరోజు సున్న. వరసగా మూడు రోజులు రాకపోతే మనిషే సున్న.

రాయగడలో ఒక వీధి ఫుట్‌బాలు పోటీ ఆ మధ్య చూశాను. అదీ ఓడితే ఇంటికే అనే పద్ధతి. ఒక జట్టులో గోలు కాసే కుర్రాడు లారీలకు బస్తాలెత్తే పని చేస్తాడు. చేతులు బారెడు పొడుగు, బంతి వాడి దగ్గరికి వెళ్ళి దాక్కుంటుందా అనిపించేది. రెండు ఆటలు వాడే గెలిపించాడు. సెమీ ఫైనలు ఆదివారం జరగవలసింది వాన పడి బుధవారానికి మారింది. బుధవారం వాడు రాలేదు. వేరే కుర్రాణ్ణి నిలబెట్టారు, మూడు గోళ్ళు పడ్డాయి. మర్నాడు సాయంత్రం టీ దుకాణం దగ్గర కనబడితే, "ఏం నాయనా, అలా చేశావేం?" అన్నాను.

"ఆదివారమయితే ఒచ్చేద్దును బాబూ. బుదవారం రెండు లోడులున్నాయి. మేస్త్రీ, ఎల్తే ఎల్లు, మరి రాకు అన్నాడు. మా అమ్మకి మందులు కొనాల, మరేటి సేస్తాను?" అన్నాడు. కోపంగా కాదు, బస్సు తప్పిపోయినవాడు చెప్పినట్టు చెప్పాడు. "కప్పు ఎవులు కొట్టారండి?" అని కూడా అడిగాడు.

కొండల మీద పల్లెల్లో అయితే ఇదే లెక్క ఇంకో రూపంలో ఉంటుంది. ఒడిశా నుంచి గిరిజన ఆడపిల్లలు రగ్బీలో భారత జట్టు దాకా వెళ్ళారు. వాళ్ళను పొగడని పత్రిక లేదు. కాని ఊడ్పుల కాలంలో పన్నెండేళ్ళ పిల్ల అంటే ఇంట్లో రెండు చేతులు. నారు తీయడానికి, తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి, చోడి అంబలి కాయడానికి. ఆ పిల్లను ఆటకు పంపిన తల్లి కూడా ఒక రోజుకూలి వదులుకున్నట్టే, దాన్ని ఏ హాజరుపట్టీలోనూ వ్రాయరు. వసతి పాఠశాలల్లో ఆటలు ఎందుకు పెరిగాయంటే గొప్ప కోచీలూ, మంచి మైదానాలూ మాత్రమే కారణం కాదని నా అభిప్రాయం. అక్కడ పిల్ల తిండి ఇంటి లెక్కలోంచి తప్పుకుంటుంది. అప్పుడు తండ్రి సరే అంటాడు.

ఈ సంక్రాంతికి మన సంఘం జరపబోయే ఫుట్‌బాలు పోటీ విషయం ఇప్పుడు చెప్పవచ్చు. ఆటల సబ్‌కమిటీలో నేనూ ఒక సభ్యుణ్ణి. ప్రతి ఏడూ మనం మనిషి నడుం ఎత్తు కప్పు కొంటున్నాం. అది గెలిచిన జట్టువాళ్ళు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఎవరింటి బీరువా మీదో పెడతారు, మర్నాటి ఏడుకు దాని చెవి ఒకటి ఊడుతుంది. ఈసారి కప్పు జానెడుదే చేయించి, మిగిలిన డబ్బుతో, పనిరోజున ఆట పడితే కూలి పోగొట్టుకునే ఆటగాళ్ళకు ఆ ఒక్క రోజుకూలి ఇద్దామని నేను ప్రతిపాదించాను. గెలిచినవాళ్ళకే కాదు, ఓడినవాళ్ళకు కూడా. ఓడినవాడి కూలి ఎక్కువగా పోయినట్టు లెక్క.

కమిటీలో అభ్యంతరాలు వచ్చాయి. "డబ్బు ముట్టుకుంటే ఆట చెడిపోతుందండీ" అని ఒక పెద్దమనిషి అన్నారు. 1893లో లండన్‌లో 282 మంది అన్న మాటే ఇది, అయినా ఆయన ఆ సభ గురించి విన్నవారు కారు; ఆయనకు స్వతహాగా తోచినదే. మన పూర్వపు జట్లు కాళ్ళకు బూట్లు లేకుండా, అణా ఆశించకుండా ఆడాయని కూడా అన్నారు. నిజమే, కాని ఆ జట్లలో ఎవరు ఆడారో పాత ఫొటో తీసి చూశాను. ఒక వకీలు గారి అబ్బాయి, ఇద్దరు టీచర్లు, తాలూకా ఆఫీసు గుమాస్తాలు నలుగురు. బస్తాలెత్తేవాడు ఒక్కడూ లేడు. బస్తాలెత్తేవాళ్ళు ఆ రోజుల్లోనూ ఉన్నారు గదా.

కోశాధికారి గారి అభ్యంతరం మరింత గట్టిది. "ఉద్యోగస్తులు కూడా కూలి పోయిందని చీటీ తెస్తే?" అన్నారు. దీనికి పాత నార్తరన్ యూనియన్ పద్ధతే మందు. ఎవరి దగ్గర పని, ఆ రోజు పని ఉన్నదా, కూలి ఎంత, ఈ మూడు మాటలూ మేస్త్రీ చేతనో దుకాణందారు చేతనో వ్రాయించి తేవాలి. వ్రాయనన్న మేస్త్రీ దగ్గరికి నేనే వెళతానన్నాను. జీతం కోతపడని ఉద్యోగులకు ఏమీ ఉండదు. మా ఇంటి అబ్బాయి ఆడినా ఏమీ ఉండదు. వీలయినంతవరకు ఆటలు ఆదివారమే పెట్టాలి. వానపడి మారితే మాత్రమే ఈ ఖర్చు. లెక్క వేసి చూస్తే, రెండు జట్లకు ఒక పనిరోజు కూలి ఇచ్చినా పెద్ద కప్పు ఖరీదుకు లోపే తేలింది. ఆ కాగితం చూశాక కోశాధికారి గారు కాదనలేదు, అవుననలేదు. ఒక ఏడు చేసి చూద్దాం, చందాలు విడిగా వస్తేనే, అన్నారు.

కనుక చందా ఇవ్వదలచినవారు వారి వద్దనే ఇచ్చి రసీదు పుచ్చుకోవలసింది. పుచ్చుకునేటప్పుడు దాని మీద 'రోజుకూలి పద్దు' అని వ్రాయించుకోవడం మరవకండి. లేకపోతే అది కప్పు పద్దులో జమ అవుతుంది.